గాలం పట్టినవాడే దొరికాడు

"రాత్రంతా చన్నీళ్ళలో నిలబడి చేపని పట్టి, మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తావా? ఇదేం పిచ్చి బాబూ?"

నా వ్యవహారం తెలిసిన ప్రతివాడూ మొదట అడిగేది ఇదే. ఆఫీసులో మనవాళ్ళలో శాకాహారులు "పాపం కదా, దాని నోట్లో కొక్కెం గుచ్చి ఆడుకోవడం ఎందుకు" అంటారు. మాంసాహారులు "చేతికి దొరికాక పులుసు పెట్టకుండా వదలడమా" అని నిజంగానే బాధపడిపోతారు. ఇద్దరికీ సమాధానం చెప్పి చెప్పి విసుగొచ్చింది. అసలు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది: నేను వదిలేసిన ఆ చేప ఆ తర్వాత ఏమవుతోంది? దాని గురించి ఎవరూ మాట్లాడరు. అందుకే ఇది రాస్తున్నా. కొంచెం కోపంగానే రాస్తున్నా, ముందే చెప్తున్నా.

తెలియనివాళ్ళ కోసం కాస్త ఉపోద్ఘాతం (తెలిసినవాళ్ళు మనలో నలుగురైదుగురి కంటే ఉండరనుకోండి :)). నేనుండేది వేల్స్‌లో, కార్డిఫ్‌లో. వారాంతాల్లో కారేసుకుని గంటకి పైగా పడమరగా వెళ్తే లాండైలో అనే చిన్న ఊరొస్తుంది. దాని కిందగా పారేది టౌవీ నది. పుట్టిన దగ్గర్నుంచి సముద్రంలో కలిసేదాకా వేల్స్ పొలిమేర దాటని నదుల్లో ఇదే పొడుగైంది, సుమారు 75 మైళ్ళు. మన గోదావరి ముందు పిల్లకాలవే. కానీ సీ ట్రౌట్ చేప పేరెత్తితే బ్రిటన్‌లో ముందుగా చెప్పుకునే నదుల్లో ఇదొకటి. ఇక్కడివాళ్ళు ఆ చేపని సూయిన్ అంటారు.

ఈ సీ ట్రౌట్ కథ తమాషాగా ఉంటుంది. మామూలు బ్రౌన్ ట్రౌట్, ఇదీ ఒకే జాతి. ఒకే తల్లి గుడ్లలోంచి పుట్టిన పిల్లల్లో కొన్ని జన్మంతా నదిలోనే ఉండిపోతాయి. కొన్ని మాత్రం సముద్రానికి పోయి, బాగా తిని, బలిసి, ఒళ్ళంతా వెండిలా మెరుస్తూ గుడ్లు పెట్టడానికి మళ్ళీ ఏటికి వస్తాయి. అన్నదమ్ముల్లో ఒకడు ఊళ్ళో పొలం చూసుకుంటుంటే ఇంకొకడు వీసా కొట్టించుకుని వెళ్ళినట్టు. సాల్మన్ వేరే జాతి. అదీ సముద్రానికి వెళ్ళొచ్చేదే, కానీ ఒకసారి గుడ్లు పెట్టాక చాలావరకు చచ్చిపోతుంది. సీ ట్రౌట్ అలా కాదు, బతికి బట్టకడితే మళ్ళీ సముద్రానికెళ్ళి, మళ్ళీ వస్తుంది. ఏడాది తర్వాత ఏడాది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

రాత్రే ఎందుకంటారా? వేసవిలో ఏరు పలచబడి నీళ్ళు అద్దంలా ఉన్నప్పుడు సీ ట్రౌట్‌కి ప్రాణభయం. పగలంతా లోతు మడుగుల్లో, చెట్ల వేళ్ళ కింద దాక్కుంటుంది. ఒడ్డున మీ నీడ పడితే చాలు, మాయం. బాగా చీకటి పడ్డాకే బయటికొచ్చి, మడుగు చివర నీళ్ళు పలచబడే చోటికి జరుగుతుంది. పైగా నదిలోకి వచ్చాక అది దాదాపు తిండి మానేస్తుంది. ఆకలి లేని చేపకి, కనపడని చీకట్లో, ఈకలూ దారమూ చుట్టిన ఉత్తుత్తి పురుగుని చూపించి నోరు తెరిపించాలన్నమాట. దీనికంటే కష్టమైన ప్రొడక్షన్ సపోర్టు నేనెక్కడా చూళ్ళేదు.

దీనికి శాస్త్రం రాసింది హ్యూ ఫాల్కస్ అనే ఇంగ్లీషాయన. ఆయన 1962లో వేసిన సీ ట్రౌట్ పుస్తకం ఇప్పటికీ ఈ వేటగాళ్ళకి పెద్దబాలశిక్ష. రాత్రిని ఫుట్‌బాల్ ఆటలా విడగొట్టాడు. చీకటి పడ్డప్పట్నుంచి అర్ధరాత్రి దాకా మొదటి సగం, తర్వాత విరామం, ఆ పైన రెండో సగం. మొదటి సగంలో చేపలు చురుగ్గా ఉంటాయి, తేలే లైను వెయ్యి. రెండో సగంలో అవి కిందికి దిగుతాయి, నువ్వూ మునిగే లైనుకి మారు. అన్నిటికన్నా ముఖ్యంగా, తొందరపడి వెలుతురుండగా మొదలుపెట్టకు. ఒక్క తప్పు విసురుతో మడుగంతా బెదిరిపోతుంది, ఇక ఆ రాత్రికి ఇంటికి పోవచ్చు.

అందుకే పగలే వెళ్ళి మడుగంతా కళ్ళతో బట్టీపట్టాలి. ఎక్కడ రాయుంది, ఎక్కడ నడుములోతు, వెనక ఏ కొమ్మకి లైను తగులుకుంటుంది అన్నీ. రాత్రి టార్చి వెయ్యకూడదు. కళ్ళు పనిచెయ్యవు, చెవులే. నీటిమీద గబ్బిలాలు, అవతలి ఒడ్డున ఆవులు గడ్డి పీకుతున్న చప్పుడు, ఉన్నట్టుండి ఎక్కడో బండరాయి పడ్డట్టు "ధబ్". అది సూయిన్ ఎగిరి పడ్డ శబ్దం. గుండె ఆగిపోతుంది. పున్నమి వెన్నెల, నీళ్ళమీద పొగమంచు, ఈ రెండూ మనవాళ్ళకి చేటు. మబ్బు పట్టిన, గాలిలేని, వెచ్చటి నల్లటి రాత్రి కావాలి. అలాంటివి ఏడాదికి ఎన్నుంటాయి ఈ దేశంలో? సాల్మన్ మాత్రం ఎక్కువగా మునిమాపు వేళో, తెల్లారగట్టో పడుతుంది. నడిరేయి చీకట్లో పడితే అదృష్టం అనుకోవాలి.

ఇక విషయానికొద్దాం.

2020 జనవరి నుంచి వేల్స్‌లో కొత్త బైలాలు అమల్లోకొచ్చాయి. గాలానికి పడ్డ ప్రతి సాల్మన్‌నీ, చిన్నదా పెద్దదా అని లేకుండా, నీళ్ళలోకి వదిలేయాల్సిందే. చాలా నదుల్లో 60 సెంటీమీటర్లు దాటిన సీ ట్రౌట్‌నీ వదిలేయాలి. కొక్కేల మీద, ఎరల మీద కూడా ఆంక్షలు పెట్టారు. పదేళ్ళకి రూలు.

నేను ఈ రూలుకి వ్యతిరేకిని కాదు. కొక్కేనికి ముల్లు లేకుండా చేసుకుని, చేపని నీళ్ళలోనే ఉంచి, చేతులు తడుపుకుని, వీలైనంత త్వరగా వదిలేస్తా. పెద్ద సూయిన్ అంటే చాలాసార్లు సముద్రానికెళ్ళొచ్చిన తల్లి. దాని పొట్టలో వేల గుడ్లు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. దాన్ని చంపి ఒక పూట కూర వండుకోవడం కంటే వదలడం ఎంతో మేలని ఎవరైనా ఒప్పుకుంటారు. "మా నాన్న కాలంలో రాత్రికి పది కొట్టేవాళ్ళం" అని క్లబ్బులో గొప్పలు పోయే ముసలాయనలంటే నాకు గౌరవం ఉంది గానీ ఆ కబుర్లు వినే ఓపిక లేదు. ఆ పదీ ఇప్పుడు లేవు కాబట్టే ఈ రూలు.

చేపకి నొప్పి ఉండదని కూడా నేను వాదించను. శాకాహారి మిత్రులతో ఆ గొడవ ఇంకో రోజు పెట్టుకుందాం.

నా గొడవల్లా ఇదొక్కటే: ఈ రూలు పెట్టేసి "నదిని కాపాడాం" అని చెప్పుకోవద్దు.

చేప క్యాలెండరు చూడండి. వేసవిలో ఏటికొస్తుంది. నేను దాన్ని జూన్, జులైల్లో పట్టి వదులుతా. చట్టం దాని వెనకే ఉంది, భద్రం. అది శరదృతువు దాటేదాకా మడుగుల్లో దాక్కుని, నవంబరు, డిసెంబరుల్లో చిన్న చిన్న వాగుల్లోకి ఎక్కి, గులకరాళ్ళని తోకతో గుంటచేసి, గుడ్లు పెట్టి, రాళ్ళు కప్పి వెళ్ళిపోతుంది. గుడ్లు చలికాలమంతా ఆ రాళ్ళ కిందే ఉంటాయి. రాళ్ళ సందుల్లోంచి ప్రాణవాయువున్న చల్లటి నీళ్ళు పారుతూనే ఉండాలి. సందులు ఒండ్రుతో పూడుకుపోయాయా, గుడ్లకి ఊపిరాడదు. అంతే సంగతులు.

మరి సరిగ్గా ఆ చలికాలంలోనే ఆ వాగుల్లోకి ఏమొస్తోంది?

టౌవీ లోయంతా పాడి. వేలకొద్దీ ఆవులు. చలికాలం వాటిని కొట్టాల్లోనే ఉంచుతారు. పేడ, మూత్రం, కడిగిన నీళ్ళు కలిసిన చిక్కటి ద్రవాన్ని ఇక్కడ స్లర్రీ అంటారు. ట్యాంకు నిండితే ఏం చేస్తారు? పొలం మీద చల్లుతారు. నేల అప్పటికే వానకి నాని ఉంటుంది, పీల్చుకోదు. ఇంకో వాన పడితే మొత్తం వాగులోకి. అందులోని సూక్ష్మజీవులు నీళ్ళలో ఉన్న ఆక్సిజన్‌నంతా లాగేస్తాయి. ఒక్క రాత్రి చాలు, ఒక వాగులో ఆ ఏటి సంతానమంతా పోవడానికి. గాలంతో నా జీవితమంతా కష్టపడినా అన్ని చేపల్ని చంపలేను.

దీనికీ చట్టం ఉంది, లేదనట్లేదు. 2021లో వేల్స్ ప్రభుత్వం వ్యవసాయ కాలుష్యం మీద నిబంధనలు తెచ్చింది. పశువుల కొట్టం ఉన్న రైతు అయిదు నెలల స్లర్రీ పట్టే ట్యాంకు కట్టుకోవాలి, చలికాలంలో కొన్ని నెలలు చల్లకూడదు. బాగుంది కదా? అయితే తేదీలు చూడండి. గాలం వేసేవాడి మీద రూలు 2020 జనవరిలో మొత్తంగా ఒకేసారి. స్లర్రీ ట్యాంకు రూలు 2021లో రాసి, అమల్లోకి తెచ్చింది 2024 ఆగస్టు 1న. ఈ మధ్యలో ఎన్ని చలికాలాలు పోయాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. నేను వదిలేసిన తల్లుల గుడ్లు ఆ చలికాలాల్లోనే రాళ్ళ కింద ఉన్నాయి.

మన భాషలో చెప్పాలంటే: డేటాబేసులో రోజూ రికార్డులు కరప్టవుతుంటే, బ్యాకెండు జోలికి వెళ్ళే ధైర్యం లేక, లాగిన్ పేజీలో ఇంకో వ్యాలిడేషన్ పెట్టి టికెట్టు మూసేసినట్టు. మేనేజరుకి చూపించడానికి పనికొస్తుంది. వినియోగదారుడు తిట్టుకుంటాడు. రికార్డులు మాత్రం పోతూనే ఉంటాయి.

రైతుని తిట్టడం తేలిక, నేను తిట్టను. మా తాతలదీ వ్యవసాయమే. స్లర్రీ ట్యాంకు కట్టడమంటే మాటలు కాదు, అప్పు. ఇక్కడ సూపర్‌మార్కెట్లు పాలని జనాన్ని లోపలికి రప్పించే ఎరగా వాడుకుంటాయి (అసలు ఎర అంటే అదీ!). నాలుగు పింట్ల డబ్బా చవగ్గా దొరుకుతుంటే కొని తోడేసుకుని పెరుగన్నం తినేవాళ్ళలో నేనూ ఉన్నా, మీరూ ఉన్నారు. ఆ చవక వెనకాల కట్టని ట్యాంకు ఖర్చుంది. దాన్ని చివరికి చెల్లిస్తున్నది గులకరాళ్ళ కింద గుడ్డు. ట్యాంకుకి ప్రభుత్వమే తగినంత డబ్బివ్వాలంటే ఇవ్వనీండి, నా పన్నుల్లోంచి సంతోషంగా ఇస్తా. కానీ "రైతు పేదవాడు కాబట్టి ఆగుదాం, గాలంవాడు మాత్రం ఇవ్వాళే" అనే లెక్క నాకర్థం కాదు.

ఇక మురుగునీళ్ళు. బ్రిటన్‌లో చాలాచోట్ల వాననీరు, మరుగుదొడ్ల నీరు ఒకే గొట్టంలో పోతాయి. వాన ఎక్కువైతే ఇళ్ళలోకి ఎగదన్నకుండా నదిలోకి వదలడానికి అనుమతులతోనే తూములు పెట్టారు. తుఫానులో వదిలితే అర్థముంది. కానీ ఇంగ్లాండులో ఒక్క 2023లోనే 4,64,056 సార్లు వదిలారని అధికారిక లెక్క. ఏడాది పొడుగునా తుఫానేనా? వేల్స్‌లో ఎక్కువ భాగానికి నీళ్ళిచ్చే కంపెనీకి వాటాదారులు లేరు, 2001 నుంచి లాభాపేక్ష లేని సంస్థ. అయినా తూములు తెరుచుకుంటూనే ఉన్నాయి. అంటే "ప్రైవేటు దోపిడీ" అని ఒక్క మాటలో తేల్చేసే మిత్రులకి కూడా ఇక్కడ సమాధానం దొరకదు. వందేళ్ళుగా భూమిలో పాతిన గొట్టాల్ని మార్చే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే అసలు సంగతి.

"సముద్రంలోనే చచ్చిపోతున్నాయి కదా, నదిని అని ఏం లాభం" అనేవాళ్ళు తప్పకుండా వస్తారు. నిజమే, సముద్రానికెళ్ళిన సాల్మన్ పిల్లల్లో తిరిగొచ్చేవి ఒకప్పటికంటే బాగా తగ్గాయి. స్కాట్లాండులో 1952 నుంచి లెక్కలు రాస్తున్నారు, గాలానికి పడ్డ సాల్మన్ సంఖ్య అన్నేళ్ళలోకీ తక్కువగా నమోదైంది 2023లోనే. అదే ఏడాది డిసెంబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ బ్రిటన్ సాల్మన్‌ని అంతరించిపోయే ప్రమాదమున్న జాబితాలో చేర్చింది. సముద్రం వేడెక్కడం మన చేతిలో లేదు, ఒప్పుకుంటా. కానీ పదింట్లో తిరిగొచ్చేవి తక్కువైనప్పుడు, బయల్దేరేవాటిని ఎక్కువ చెయ్యాలి కదా? అవి బయల్దేరేది ఆ వాగులోంచే. సముద్రాన్ని వంకగా చూపించి వాగుని వదిలేయడం, క్లౌడ్ డౌనైందని మన కోడులో బగ్గుని వదిలేసినట్టుంటుంది.

ఇంకో సంగతి చెప్తే మీకు నవ్వొస్తుంది. నదిలో ఎన్ని చేపలున్నాయో అధికారులకి ఎలా తెలుస్తుందనుకుంటున్నారు? చెస్టర్ దగ్గర డీ నదిలో ఉన్నట్టు చేపల్ని పట్టి లెక్కపెట్టే ఏర్పాటు చాలా కొద్ది చోట్లే ఉంది. మిగతా నదుల్లో చాలావరకు ఆధారం మేమే! సీజను అయ్యాక లైసెన్సున్న ప్రతివాడూ ఎన్ని రోజులు వెళ్ళాడు, ఎన్ని పట్టాడు, ఎన్ని వదిలాడు అని లెక్క పంపాలి. ఒక్కటీ పడకపోయినా సున్నా అని రాసి పంపాలి. ఆ అంకెల మీదే అంచనాలు కట్టి, నదిలో పడాల్సినన్ని గుడ్లు పడుతున్నాయా లేదా అని తేలుస్తారు.

ఇప్పుడు ఆలోచించండి. నేరస్థుడిలా చూస్తే మనుషులు రావడం మానేస్తారు. కుర్రాళ్ళెవరూ చేరట్లేదు, క్లబ్బులు ముసలైపోతున్నాయి. మనిషి తగ్గితే లెక్క తగ్గుతుంది. లాగులు రాసేవాడిని తీసేసి, "ఎర్రర్లు తగ్గాయి" అని సంబరపడే సర్వరు రూమన్నమాట. అంతకంటే ముఖ్యం, రాత్రి రెండింటికి నది పక్కన ఇంకెవరుంటారు? పేడ కంపు మొదట పీల్చేది, వెల్లకిలా తేలే చేపని మొదట చూసేది, వలలు పట్టుకొచ్చిన దొంగల కారుని గమనించేది ఆ నడుములోతు నీళ్ళలో నిలబడ్డ పిచ్చివాడే. ఒక జులై రాత్రి ఎగువనుంచి ఆ కంపు వచ్చింది. ఏ పొలానిదో నాకు తెలీదు. తెలిసిందల్లా, అప్పటిదాకా ధబ్ ధబ్‌మన్న మడుగు ఆ తర్వాత చప్పుడు చెయ్యలేదు. పగలు కాళ్ళు తడవకుండా ఒడ్డున ఫొటోలు తీసుకునేవాళ్ళకి ఆ నిశ్శబ్దం వినపడదు.

ఇదంతా తెల్లవాళ్ళ సరదా, మనకెందుకు అనుకునేవాళ్ళు ఒక్కసారి పులసని తలుచుకోండి. అదీ ఇలాంటిదే. సముద్రంలో ఇలస, వరదకి ఎర్రనీరు తన్నుకొస్తే గోదావరికి ఎదురెక్కి పులస అవుతుంది. ధవళేశ్వరం దగ్గర గోడ అడ్డం. కాటన్ దొర ఆనకట్ట 1852కి పూర్తయింది, ఆ నీళ్ళతోనే మా తాతలు బతికారు, ఆయన్ని తప్పు పట్టను. కానీ పులస దొరక్కపోతే మనం ఏం మాట్లాడుకుంటాం? "ఈ ఏడు కిలో ఎంత పలికింది" అని. పుస్తెలమ్మైనా తినాలంటాం, అది గుడ్లెక్కడ పెడుతుందని ఒక్కడూ అడగడు. పక్కన బంగ్లాదేశ్‌లో అక్టోబరులో ఇరవైరెండు రోజులు ఇలస వేట ఆపేస్తారు. ఆపినన్నాళ్ళూ జాలరి కుటుంబాలకి బియ్యం ఇస్తారు. ఆ పథకంలో లోపాలుంటే ఉండొచ్చు. కానీ ఒకడి చేతిలో వల ఆపమన్నప్పుడు వాడికీ ఏదో బాకీ పడ్డామని ఒప్పుకోవడం ఉంది చూశారూ, వేల్స్ బైలాల్లో నాకు కనపడనిది అదే. టౌవీ మీద తరతరాలుగా కోరకిల్ అనే గంపలాంటి బుల్లి పడవల్లో జంటగా వలేసే కుటుంబాలు కొన్ని మిగిలాయి. వాళ్ళకి సాల్మన్ దొరికినా ఇప్పుడు వదిలేయాల్సిందే. గాలం నాకు సరదా. వాళ్ళకి అది సరదా కాదు.

ఆ బైలాల గడువు 2029 ఆఖరుతో అయిపోతుంది. అప్పుడు మళ్ళీ సంప్రదింపులు, మళ్ళీ విచారణ, మళ్ళీ "వాటాదారులందరి అభిప్రాయాలు". నేను ఉత్తరం ఇప్పట్నుంచే రాసి పెట్టుకుంటున్నా. రూలు కొనసాగిస్తారా, కొనసాగించండి, అభ్యంతరం లేదు. కానీ దాని పక్కనే ఇంకో కాగితం పెట్టండి: 2020 నుంచి ఏ వాగులో ఏ చలికాలం ఎన్నిసార్లు స్లర్రీ పడింది, ఎన్నింటి మీద కేసు పెట్టారు, ఏ తూము ఎన్ని గంటలు తెరిచి ఉంచారు, వసంతంలో ఆ వాగులో పిల్లలు ఎన్ని కనిపించాయి. వాగు వాగుకీ, ఏడాది ఏడాదికీ. నేను పట్టిన ప్రతి చేపకీ తేదీ, బరువు, పొడుగు రాసి పంపాను. నా లెక్క మీ దగ్గరుంది. మీ లెక్క చూపించండి.